‘బరువులెత్తకండి’ అన్నారు, పాపనెలా ఎత్తుకోవాలో చెప్పలేదు: డాక్టర్లకు, ఆరోగ్య శాఖకు ఒక తల్లి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని క్యాన్సర్ డాక్టర్లకు, కాన్పులు చేసే డాక్టర్లకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నా ప్రాణం నిలబెట్టింది మీలాంటివాళ్ళే. ఆ సంగతి మర్చిపోయి రాస్తున్న ఉత్తరం కాదు ఇది. కానీ ఇదే విషయం ముందు ఆసుపత్రి ఫీడ్‌బ్యాక్ ఫారం మీద రాశాను, తర్వాత మెయిల్ పెట్టాను, ఆ తర్వాత ఒక సోమవారం పాపను కుడి చంకనేసుకుని గ్రీవెన్స్‌కి వెళ్ళి అర్జీ కూడా ఇచ్చాను. రసీదు ఇచ్చారు. సంబంధిత శాఖకు పంపామని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఓ నెలకి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఇంకో మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలీదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు నా సంగతి క్లుప్తంగా. ఆరో నెల నిండాక ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. పాల గడ్డ అన్నారు ఇంట్లో, నేనూ అదే అనుకున్నాను, మూడు వారాలు అలాగే పోయాయి. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. పాప కడుపులో ఉండగానే మూడు కీమోలు ఎక్కించారు. మొదటి మూడు నెలలు దాటాక కొన్ని రకాల కీమో ఇవ్వొచ్చని నాకూ అప్పుడే తెలిసింది. ఇది చదివేవాళ్ళలో కడుపుతో ఉండి గడ్డ సంగతి బయటికి చెప్పని అమ్మాయి ఒక్కతైనా ఉంటుందేమోనని ఈ మాట రాస్తున్నాను. 37వ వారంలో సిజేరియన్. 2 కిలోల 400 గ్రాముల పాప. మళ్ళీ కీమో, అందులో పన్నెండు వారాలు వారానికొకటి. పాపకి ఐదో నెల నడుస్తుండగా ఆపరేషన్ చేసి రొమ్ముతో పాటు చంకలో లింఫు గ్రంథులు కూడా తీశారు. తర్వాత పదిహేను రేడియేషన్లు, ఆపైన రోజూ టామాక్సిఫెన్ అనే, హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర. 26 వారాల మెటర్నిటీ లీవు ఈ మందుల్లోనే కరిగిపోయింది. పాలిచ్చే భాగ్యం ఎలాగూ లేదు, కీమోలో ఇవ్వకూడదు కదా.

ఆపరేషన్ తర్వాత డిశ్చార్జ్ కాగితం మీద రెండు ముక్కలున్నాయి: విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తరాదు.

“సార్, పాపని ఎత్తుకోవచ్చా?” అని అడిగాను.

“ఎంత బరువుంటుంది?”

“ఆరున్నర కిలోలు.”

“అయితే కొన్నాళ్ళు వద్దమ్మా.”

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు అని అడిగేలోపు తర్వాతి టోకెన్ పిలిచారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. బయట వరండాలో ఎంతమంది కూర్చున్నారో నేను చూశాను, వాళ్ళలో నేనూ ఉదయం ఏడింటి నుంచీ ఉన్నాను. కానీ డాక్టరు నోటి నుంచి వచ్చిన మాట ఇంటికొచ్చాక శాసనమైపోతుంది. అసలే బాలింత, పైన ఇంత జబ్బు. మా అత్తగారు, మా అమ్మ కలిసి నన్ను మంచం దిగనివ్వలేదు. బాలింత చల్లగాలికి తిరగకూడదు, వంగకూడదు, చెవుల్లో దూది తియ్యకూడదు. (కీమోతో నోరంతా పుండైతే పత్యం పేరుతో వెల్లుల్లి కారం పెట్టిన కథ ఇంకోసారి చెప్తాను.) మీరన్న ‘కొన్నాళ్ళు’ మా ఇంట్లో ఎనిమిది నెలలు నడిచింది. ఆ ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో వరసగా రాస్తాను. ఇది నా ఒక్కదాని గొడవ కాదు. 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 1 లక్షా 92 వేల మంది ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా, పైగా పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర సుమారు పదేళ్ళ ముందే వస్తోంది. అంటే వీళ్ళలో కొందరి ఇళ్ళల్లో ఇంకా చంకనెక్కే పిల్లలు ఉండే ఉంటారు.

1. చెయ్యి బిగుసుకుపోయింది. ఎడమ చెయ్యి కదిపితే కుట్లు ఊడతాయని కదపలేదు. చంకలోంచి మోచేతి దాకా తీగ బిగించి లాగినట్టు ఉండేది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి మా ఆడపడుచుని పిలవాలి. రేడియేషన్‌కి వెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ బల్ల మీద చెయ్యి తలపైకి పెట్టి పడుకోవాలి, నా చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు, “ఎక్సర్‌సైజులు చెయ్యట్లేదా అమ్మా?” అని అడిగాడు, హోంవర్కు చెయ్యని పిల్లని అడిగినట్టు. ఏ ఎక్సర్‌సైజులు బాబూ? రేడియేషన్‌కి చెయ్యి పైకి లేవాలని మీకు మొదటి రోజు నుంచీ తెలుసు, నాకు మాత్రం బల్ల ఎక్కిన రోజు తెలిసింది. పది రోజులు వాయిదా వేశారు.

2. పాదాలు మొద్దుబారాయి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకున్న చాలామందికి ఇలా అవుతుందట. కాలికి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు, నాలుగు అడుగులు వేశాక ఎవరో వెనక నుంచి పిలిచి చెప్పేవాళ్ళు. అలాంటి కాళ్ళతో ఒక రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఏడుస్తున్న పాపను ఎత్తుకుని తడి వరండా దాటబోయి జారాను. గోడ దొరికింది కాబట్టి సరిపోయింది. పాపకేం కాలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్తే ఉన్నది కూడా పోతుందని.

3. నీరసం. ఇది అనుభవించనివాళ్ళకి చెప్పడం కష్టం. పడుకుంటే పోయే అలసట కాదు, పడుకున్నకొద్దీ పెరిగే అలసట. పాలసీసా కలిపి మూత బిగించేసరికి కూర్చోవాల్సి వచ్చేది. విశ్రాంతి తీసుకోమన్నారు కదా అని ఇంకా పడుకునేదాన్ని.

4. కాన్పు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సిజేరియన్ అయి నెలలు దాటినా పొట్ట కండరాల మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు, దగ్గినా తుమ్మినా చీర తడవడం. క్యాన్సర్ డాక్టరుని అడిగితే గైనకాలజిస్టుని అడగమన్నారు. ఆవిడ ఫైలు చూసి, “మీ క్యాన్సర్ డాక్టరు ఓకే అంటే అప్పుడు చూద్దాం” అన్నారు. మూడు సార్లు అటూ ఇటూ తిరిగాను. ఇద్దరూ మంచివాళ్ళే, కానీ ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు.

5. పాప. మనందరం బిడ్డని ఎడమ చంకనే వేసుకుంటాం, కుడి చెయ్యి పనికి ఉండాలి కదా. నా ఎడమ చంక వాడకంలోంచి పోయింది. పాపకి ఏడుపొస్తే మా అత్తగారి వైపు చేతులు చాచేది. నేను పక్కనే ఉండేదాన్ని. దీని గురించి ఇంతకంటే రాయను.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా తప్పించుకోలేని కష్టమైతే సరే, భరించేదాన్ని. కానీ నేను ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చదివితే తెలిసిన సంగతులు, మీరు కాన్ఫరెన్సుల్లో ఏళ్ళ తరబడి వింటున్నవి, మా చేతికొచ్చే కాగితం దాకా ఎందుకు రాలేదు?

చంకలో గ్రంథులు తీసిన వైపు చేత్తో బరువెత్తితే ఆ చెయ్యి వాచిపోతుందన్న భయం ఉంది చూశారా, దాన్ని అమెరికాలో పరీక్షించి చూశారు. 2009లో అచ్చయిన పరిశోధనలో, అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని తీసుకుని సగం మంది చేత వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తించారు. వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ముదరడం వాళ్ళలోనే తక్కువ. 2010లో ఇంకా వాపు రాని 154 మంది మీద చూశారు. చంకలో ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ గ్రంథులు తీయించుకున్నవాళ్ళలో, బరువులెత్తినవాళ్ళకి 7 శాతం మందికి వాపు వస్తే ఎత్తనివాళ్ళకి 22 శాతం మందికి వచ్చింది. వాళ్ళు మొదటిరోజే బియ్యం బస్తా ఎత్తలేదు, నేర్పేవాళ్ళు పక్కనుండగా చిన్న బరువులతో మొదలుపెట్టారు. నా గోల కూడా అదే, నేర్పేవాళ్ళు కావాలని.

2019లో అంతర్జాతీయ నిపుణులు కలిసి చెప్పిన లెక్క కూడా పెద్దదేమీ కాదు: వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఒళ్ళు వేడెక్కే నడకలాంటిది, రెండుసార్లు కండరాలకి పని చెప్పే వ్యాయామం. దానితో నీరసం, ఆందోళన, దిగులు తగ్గుతాయని, రోజువారీ పనులు చేసుకునే సత్తువ వస్తుందని. ఆస్ట్రేలియాలో క్యాన్సర్ వైద్య నిపుణుల సంఘం 2018లోనే వ్యాయామాన్ని వైద్యంలో భాగంగా రాసివ్వాలంది. 2025లో ఇంకో పెద్ద పరిశోధన వచ్చింది, పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మంది మీద. మూడేళ్ళు పద్ధతిగా వ్యాయామం చేయించినవాళ్ళలో ఎనిమిదేళ్ళకి బతికున్నవాళ్ళు 90 శాతం, ఊరికే పుస్తకం చేతికిచ్చి పంపినవాళ్ళలో 83 శాతం. నాది ఆ క్యాన్సర్ కాదు, నడిస్తే నా జబ్బు తిరగబెట్టదని నేను అనడం లేదు. కానీ ఒక మాత్ర ఇంత పనిచేస్తే మీరు దాన్ని ప్రిస్క్రిప్షన్ మీద రాయకుండా ఉండేవాళ్ళా?

అందరికీ ఒకటే లెక్క కుదరదని కూడా తెలుసు. జ్వరమున్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా ఆగాలి. జబ్బు ఎముకలకి పాకినవాళ్ళకి జాగ్రత్తలు వేరు. నాకిచ్చినలాంటి ఎర్ర రంగు కీమో మందు గుండె మీద పడొచ్చు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ముందు ఎకో (గుండె స్కాన్) చూడాలి. ఆపరేషనయిన కొత్తలో బరువులెత్తొద్దనడంలో తప్పు లేదు. ఆ ‘కొత్త’ ఎప్పటికి పాతబడుతుందో చెప్పకపోవడం తప్పు.

నాకు దారి దొరికింది పాపకి పద్నాలుగో నెలలో, అదీ మా స్కూల్లో ఒక టీచర్ వాళ్ళ చెల్లెలు ఫిజియోథెరపిస్టు కావడం వల్ల. సిట్టింగుకి 400 రూపాయలు, నా జేబులోంచి. ఆవిడ నా చెయ్యి రెండు వైపులా టేపుతో కొలిచి రాసుకుంది. తర్వాత ఫ్రిజ్ పక్క గోడకి ఎదురుగా నిలబెట్టి, వేళ్ళతో గోడ ఎక్కమంది, చీమ పాకినట్టు. ఆగిపోయిన చోట పెన్సిల్‌తో గీత గీసింది. మొదటి గీత స్విచ్ బోర్డు దగ్గరుంది. నెల రోజులకి క్యాలెండర్ మేకు దాకా వెళ్ళింది. ఆ గీతలు చెరపనివ్వలేదు నేను, మొన్న దసరాకి సున్నాలేసినప్పుడు కూడా ఆ మూల వదిలేయించాను, మా ఆయన ఇంకా నవ్వుతాడు.

తర్వాత అరకిలో పంచదార ప్యాకెట్. తర్వాత కిలో కందిపప్పు. కుర్చీలోంచి చేతులానకుండా లేవడం, ఒంటికాలి మీద గట్టు పట్టుకుని నిలబడటం (ఇది మొద్దుబారిన పాదాల కోసం), ఊపిరి వదులుతూ, మూత్రం పట్టి ఉంచే కింది కండరాలు బిగించడం. ఎనిమిది వారాలకి ఐదు కిలోల బియ్యం సంచి. ఆ తర్వాతే పాప. ఒక మోకాలు నేల మీద ఆనించి, పాపను ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ లేవాలి. అప్పటికి అది తొమ్మిదిన్నర కిలోలు. లేచాను. అది మళ్ళీ పెరుగుతున్న నా జుట్టు గుప్పిట పట్టి లాగింది. బిడ్డనెత్తుకోవడం నేర్చుకోవడానికి నాకు కావలసిందల్లా ఇంట్లో ఉన్న పచారీ సామాను, నేర్పే మనిషి. ఇందులో మీకు బడ్జెట్ సమస్య ఎక్కడుందో నాకు అర్థం కాదు.

నడక కూడా పది నిమిషాలతో మొదలుపెట్టి ఇప్పుడు వారానికి నాలుగు రోజులు గోదావరి గట్టు మీద అరగంట నడుస్తున్నాను. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే కొలత. “పిల్లతల్లివి, అంత జబ్బు చేసినదానివి, ఈ నడకలు నీకెందుకమ్మా” అని దారిలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. డాక్టరుగారే రాసిచ్చారు అని చెప్పగలిగితే ఆ నోళ్ళు మూతపడేవి. నా దగ్గర ఆ కాగితం లేదు.

కాబట్టి మేం అడిగేవి ఇవి. మేం అంటున్నాను, ఎందుకంటే రేడియేషన్ వరండాలో పరిచయమైన మరో ముగ్గురు తల్లులు ఈ ఉత్తరం చదివి ఇందులో తమ మాటలు కలిపారు.

1. డిశ్చార్జ్ కాగితంతో పాటు తెలుగులో ఇంకో కాగితం ఇవ్వండి. ఏ రోజు నుంచి గుప్పిట, మోచెయ్యి కదపాలి, ఆపరేషన్ చోట పెట్టిన ట్యూబు తీశాక ఏం చెయ్యాలి, ఎప్పటి నుంచి ఎంత బరువు, ఏ లక్షణం కనిపిస్తే ఆపి ఫోన్ చెయ్యాలి. మీకు టైమ్ లేదని తెలుసు, అందుకే మాట కాదు, కాగితం అడుగుతున్నాను. చంటిబిడ్డ ఉన్న తల్లికైతే బిడ్డనెత్తుకోవడానికి ఒక తేదీ వేసి రాయండి. తేదీ తర్వాత మార్చినా సరే, ‘కొన్నాళ్ళు’ అని మాత్రం రాయొద్దు.

2. ప్రతి రొమ్ము క్యాన్సర్ పేషెంటునీ కనీసం నాలుగుసార్లు ఫిజియోథెరపిస్టుకి చూపించండి: ఆపరేషన్‌కి ముందు చెయ్యి కొలవడానికి, అయ్యాక రెండు మూడు వారాలకి, రేడియేషన్‌కి ముందు, అంతా అయిపోయాక. నా ఆపరేషన్, కీమో, రేడియేషన్ కార్డు మీదే అయ్యాయి, అందుకు కృతజ్ఞురాలిని. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు లేకపోతే మాలాంటివాళ్ళం ఇల్లమ్ముకునేవాళ్ళం. ఈ నాలుగు సిట్టింగులూ క్యాన్సర్ సర్జరీ ప్యాకేజీలోనే కలిపి, చేయిస్తేనే ఆసుపత్రికి పూర్తి బిల్లు వచ్చేలా పెట్టండి. అప్పుడు ఎవరూ మర్చిపోరు.

3. గర్భంలో గానీ కాన్పయిన ఏడాదిలోపు గానీ క్యాన్సర్ బయటపడిన తల్లికి క్యాన్సర్ డాక్టరు, గైనకాలజిస్టు కలిసి ఒక్క ఫైలు నడపాలి. కనీసం ఒక్క ఫోన్. మేం అటూ ఇటూ తిరగలేం, చంకలో బిడ్డ ఉంది.

4. గుండె మీద ప్రభావం చూపే మందులిచ్చినవాళ్ళకి ఎకో తీసి, ఎంతవరకు శ్రమపడొచ్చో ఫలితం చూశాక నోటితో చెప్పండి. రిపోర్టు ఫైల్లో పెట్టి పంపేస్తే మాకు అందులో అంకెలు తప్ప ఏమీ అర్థం కాదు.

5. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు బిడ్డను చూడటానికి ఇంటికి వస్తుంది. మా ఇంటికీ వచ్చింది, పాప బరువు తూచింది, బొడ్డు చూసింది, వెళ్ళింది. ఆమె పనికి వంక పెట్టను. ఆమె ఫారంలో తల్లి గురించి ఒక్క ప్రశ్న చేర్చండి: ‘వేరే పెద్ద జబ్బుకి వైద్యం జరుగుతోందా, బిడ్డను ఎత్తుకోగలుగుతున్నారా?’ కాదంటే పీహెచ్‌సీకి చెప్పే ఏర్పాటు పెట్టండి. దాంతో పాటు ఆ అదనపు పనికి ఆమెకి డబ్బు కూడా ఇవ్వండి.

6. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకి వీడియో కాల్‌లో ఫిజియోథెరపీ పెట్టండి. యోగా నేర్పేవాళ్ళకి ఈ విషయంలో శిక్షణ ఇవ్వండి. 2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా జనాన్ని కూర్చోబెట్టి యోగా చేయించారు, మనకి మనుషుల్లేరు, ఏర్పాట్లు చేతకావు అంటే ఎవరూ నమ్మరు. ఆ యోగా టీచర్లలో జిల్లాకి పదిమందికి, చంకలో గ్రంథులు తీసిన చేత్తో ఏ ఆసనం వెయ్యొచ్చో, సిజేరియన్ పొట్టతో ఏది వెయ్యకూడదో నేర్పితే చాలు.

ఇందులో కొత్త మిషన్ కొనమని గానీ కొత్త బిల్డింగ్ కట్టమని గానీ లేదు. ఒకటో డిమాండుకి ప్రింటర్ చాలు.

వచ్చే నెల నా ఆర్నెల్ల చెకప్ ఉంది. ఆ లోపు ఈ ఆరింట్లో ఏది చేస్తారో, ఏది చెయ్యలేరో, ఎందుకు చెయ్యలేరో రాతపూర్వకంగా చెప్పండి. చెయ్యలేమన్నా పర్లేదు, కారణం రాయండి, దాన్ని పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్తాం. ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అనే మెసేజ్ మాత్రం ఇంకోసారి పంపొద్దు.

ఇట్లు,
పదకొండు కిలోల పాప తల్లి,
మరో ముగ్గురు తల్లుల తరఫున కూడా